నీ గల్లీ లెక్క నీ దగ్గరుందా?

"మా స్కూల్‌కు విదేశీ స్కూల్‌తో టై-అప్ ఉంది" అని చెప్పుకోవడం ఇప్పుడు ఫ్యాషన్. అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే చాలు, ఫ్లెక్సీ మీద రెండు జెండాలు పక్కపక్కన వెలుస్తాయి. ఏడాదికొకసారి వీడియో కాల్ పెడతారు. ఇటు పిల్లలు బతుకమ్మ ఆడి చూపిస్తారు, అటు పిల్లలు చప్పట్లు కొడతారు, అందరూ ఒక ఫొటో దిగుతారు. మర్నాడు ఆ పిల్లల్లో ఒకరిని ఆపి "అవతలివాళ్లకు నీతో ఏం పని పడింది?" అని అడిగి చూడండి. ఏం చెప్పాలో తెలియక పక్కవాళ్ల ముఖం చూస్తారు.

పని పడాలి. ఎక్కడో ఉన్న ఒక పిల్లకు నీతో పని పడిన రోజే నీకు విలువ తెలుస్తుంది, బాధ్యత తెలుస్తుంది. దానికి పాస్‌పోర్టు అక్కర్లేదు, గడగడా ఇంగ్లిష్ రానక్కర్లేదు. నీ దగ్గర మాత్రమే దొరికేది ఒకటి ఉంటే చాలు. నిన్న రాత్రి నీ డాబా మీద ఎంత వాన పడింది? మిట్టమధ్యాహ్నం నీ గల్లీలో నేల ఎంత కాలింది? మీ నల్లా పక్కన తొట్టిలో దోమ పిల్లలు ఎన్నున్నాయి? ఫిన్లాండ్‌లో కూర్చున్న పిల్లకు ఈ సంగతులు ఏ సెర్చ్ ఇంజనూ చెప్పలేదు. నువ్వే చెప్పాలి.

బేగంబజార్‌లో పుట్టి పెరుగుతున్న పిల్లలకు ఈ మాట తొందరగా అర్థమవుతుంది. నిజాం అలీ ఖాన్ భార్య హుమ్దా బేగం వ్యాపారులకు ఇచ్చిన నేల మీద ఈ బజారు వెలిసిందని చెబుతారు. ఇత్తడి బిందెలు, స్టీలు గిన్నెలు, బాదం, కిస్‌మిస్, ఎండుమిర్చి, మసాలా దినుసులు, ప్లాస్టిక్ సామాన్లు, ఆ పక్కనే చేపల మార్కెట్. జిల్లాల్లోని దుకాణదారులు ఇక్కడికి రాకుండానే ఫోన్‌లో ఆర్డరు చెప్పి డబ్బు పంపేస్తారు. ముఖం చూడకుండా అంత నమ్మకం ఎలా కుదిరింది? కాంటా సరిగ్గా ఉంది, ఖాతా ఏ రోజుకారోజు రాసి ఉంది. సైన్స్‌లో దూరదేశపు భాగస్వామికి నువ్వు ఇవ్వాల్సిందీ ఈ రెండే. సరైన కొలత ఒకటి, అదే రోజు రాసిన లెక్క ఒకటి.

ప్రపంచంలో ఈ పద్ధతి మీద నడిచిన పెద్ద కార్యక్రమం గ్లోబ్. 1994 ఏప్రిల్‌లో, ధరిత్రీ దినోత్సవం నాడు, అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు అల్ గోర్ దీన్ని ప్రకటించారు. మరుసటి ఏడాది అదే రోజున పని మొదలైంది. నాసా ముందుండి నడిపింది. స్కూలు పిల్లలు తమ ఊళ్లో గాలి, నీరు, నేల, చెట్లను కొలిచి ఆ అంకెలను అందరికీ తెరిచి ఉంచిన ఒకే ఖాతాలో వేస్తారు. శాస్త్రవేత్తలు వాటిని వాడుకోవచ్చు, మరో దేశపు పిల్లలూ వాడుకోవచ్చు. చేరిన దేశాలు 120 దాటాయి. మన దేశం 2000లో చేరింది. 2014 ఆగస్టులో గ్లోబ్ పిల్లల అంతర్జాతీయ సమావేశం న్యూఢిల్లీలోనే జరిగింది. చేరడానికి ఫీజు లేదు. లక్షలు కట్టే ఇంటర్నేషనల్ స్కూల్ పిల్లలకే ఇవన్నీ అనుకునే సర్కారు బడి పిల్లలూ, ఈ ముక్క గట్టిగా గుర్తుపెట్టుకోండి.

ఇందులో నాకు ఎంతో నచ్చింది మబ్బుల పని. నువ్వు తలెత్తి ఆకాశంలో మబ్బు ఎంత కమ్మింది, ఏ రకం మబ్బు, ఎంత ఎత్తులో ఉంది అన్నది రాసి పంపుతావు. అదే సమయానికి ఉపగ్రహం మీ మీదుగా వెళ్తే, పైనుంచి అది చూసిందీ కిందనుంచి నువ్వు చూసిందీ పక్కపక్కన పెట్టి నీకు ఈమెయిల్ వచ్చే ఏర్పాటు చేశారు. పై మబ్బు అడ్డం వస్తే ఉపగ్రహానికి కింది మబ్బు కనబడదు. నీకు కనబడుతుంది. కోట్ల రూపాయల యంత్రానికి అందనిది బేగంబజార్ డాబా మీద నిలబడ్డ ఎనిమిదో తరగతి అమ్మాయికి అందుతుంది. ఆత్మవిశ్వాసం గురించి గంటసేపు ఉపన్యాసం వినే బదులు ఆ ఒక్క ఈమెయిల్ అందుకుంటే సరిపోతుంది.

ఇక వాన సంగతి. వాన గేజ్ పెట్టడం తేలిక, నిజాయితీగా నడపడం కష్టం. అలవాటు కోసం మొదటిది ఇంట్లోనే చేసుకోవచ్చు. నిలువు గోడలున్న ప్లాస్టిక్ బాటిల్ తీసుకుని పైభాగం కోసి, దాన్నే గరాటుగా తలకిందులుగా బోర్లించు. బాటిల్ అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, సమంగా వచ్చేదాకా నీళ్లు పోసి, అక్కడ గీత గీసి సున్నా అని రాయి. స్కేలు అక్కడి నుంచి మొదలు. గ్లోబ్‌కు అంకెలు పంపాలంటే మాత్రం వాళ్లు చెప్పిన కొలతల గేజ్ కొనుక్కోవాలి. పక్కన గోడ ఎంత ఎత్తుంటే దానికి నాలుగు రెట్ల దూరంలో గేజ్ ఉండాలని నియమం. బేగంబజార్ ఇరుకు గల్లీల్లో అంత ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? డాబా ఎక్కాలి. అక్కడా నీళ్ల ట్యాంకు అడ్డం రావచ్చు. వస్తే ఆ మాట కూడా రాసెయ్యి, నాలుగు దిక్కులా ఫొటో తీసి పెట్టు. లోపం దాచిన చోటి లెక్క కన్నా లోపం చెప్పిన చోటి లెక్కకే విలువెక్కువ.

గేజ్ చూడాల్సిన సమయం, సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకు గంట ముందూ వెనకల్లో. మన దగ్గర అది లంచ్ బ్రేక్ ప్రాంతం. ఇక్కడే మనిషి బయటపడతాడు. వాన పడని రోజు 0.0 అని రాయాలి. తడిసింది గానీ కొలిచేంత లేదంటే దానికి వేరే గుర్తుంది. అసలు చూడనే లేదంటే దానికీ వేరే గుర్తుంది. "చూడలేదు" అని రాయడానికి నామోషీపడి సున్నా వేసేశావనుకో, ఆ అంకెను నమ్మి లెక్క కట్టే దూరదేశపు పిల్ల దృష్టిలో ఆ రోజు హైదరాబాద్‌లో వాన లేనట్టే. ఆ పొరపాటును ఇక ఎవరూ పట్టుకోలేరు. పరీక్షలో కాపీ కొడితే నీ మార్కులే అబద్ధమవుతాయి, ఇక్కడ అందరి లెక్కా పాడవుతుంది. కాబట్టి ఖాళీ వదలడం నేర్చుకో. నాకు తెలియదు అని సంతకం పెట్టి చెప్పగలవాడికి ఏ ఉద్యోగంలోనైనా నమ్మకమైన పనులు అప్పగిస్తారు.

వాన లెక్కతో మనకేం పని అంటే, ఈ బజారుకు నడకదూరంలో ఉన్న మూసీనే అడగాలి. 1908 సెప్టెంబరు 28న ఆ నది ఊళ్లోకి వచ్చి అఫ్జల్‌గంజ్ ప్రాంతాన్ని తుడిచిపెట్టింది, వేలమంది పోయారు. షంషాబాద్‌లో ఒక్కరోజులో 12 అంగుళాలకు పైగా వాన కురిసిందని మనకు ఇవాళ తెలుసంటే అక్కడ ఎవరో కొలిచి రాశారు కాబట్టే. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి ఎగువన జలాశయాలు కట్టాలని చెప్పింది అలాంటి లెక్కలు ముందేసుకునే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి.

దోమల దగ్గర కాసేపు ఆగాలి. ఈ పాఠంలో హైదరాబాద్‌కు ప్రపంచంలో ఎవరికీ లేనంత హక్కుంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలోని చిన్న ఆసుపత్రిలో రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు కోసి, మైక్రోస్కోపు కింద మలేరియా క్రిమిని చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగి తన రక్తం తాగిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున తీసుకుని ఆ ప్రయోగానికి ఒళ్లు అప్పగించాడు. ఐదేళ్ల తర్వాత రాస్‌కు నోబెల్ వచ్చింది. పిల్లలకు ఇంతవరకు చెబుతారు. చెప్పనిది ఇంకొకటుంది. రాస్ ఒంటరిగా ఏమీ చెయ్యలేదు. 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ అతనికి ఆ క్రిమిని మొదటిసారి చూపించి, దోమ మీద అనుమానం కలిగించాడు. ఆ తర్వాత ఇద్దరి మధ్య ఉత్తరాలు వందకు పైగా నడిచాయి. రాస్ కోసిన దోమలు, కనబడినవి, కనబడనివి, విసుగు, అనుమానం అన్నీ ఆ ఉత్తరాల్లో పెట్టాడు. దాదాపు రెండేళ్లపాటు మలేరియాతో సంబంధం లేని రకం దోమలనే కోస్తూ పోయాడు. ఏమీ దొరకలేదని రాయడానికి సిగ్గుపడలేదు. అటు మాన్సన్ విసుక్కోలేదు. దూరపు భాగస్వామ్యం అంటే ఇదీ. ఓడలో ఉత్తరం వెళ్లడానికే వారాలు పట్టిన రోజుల్లో ఇది నడిచింది.

ఇప్పుడు నువ్వేం చెయ్యగలవు? దోమల కోసం గ్లోబ్ యాప్‌లో ప్రత్యేకంగా ఒక విభాగమే పెట్టారు. అది లేకపోయినా నోట్‌బుక్కుతో పని మొదలవుతుంది. వానాకాలంలో దుకాణాల ముందు బకెట్లు, టబ్బులు, గిన్నెల వరసలు ఆరుబయటే ఉంటాయి. ఒక్క రాత్రి వానకు వాటిలో తేటనీళ్లు నిలుస్తాయి. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకు అలాంటి నీళ్లే ఇష్టం. తెల్లటి ప్లాస్టిక్ గిన్నెలోకి కొంచెం నీళ్లు వంచి వెలుతురులో పెట్టి చూడు. తల కిందకు పెట్టి తోకగొట్టంతో నీటి పొర నుంచి వేలాడుతున్న పురుగైతే ఏడిస్ కావచ్చు, క్యూలెక్స్ కావచ్చు. నీటి పొరకు సమాంతరంగా, అడ్డంగా పడుకుని ఉంటే అది అనాఫిలిస్, రాస్ వెతికిన జాతి. రెండూ కళ్లారా చూశాక ఆ తేడా జన్మలో మరిచిపోలేవు. పురుగులు ఎన్నున్నాయో లెక్కపెట్టు, ఏ పాత్రలో దొరికాయో రాయి, ఫోన్‌తో దగ్గరగా ఫొటో తియ్యి. తర్వాత నీళ్లు పొడినేల మీద పారబోసి, గిన్నె తుడిచి బోర్లించు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. వారానికో రోజు డ్రై డే పాటించమని మున్సిపాలిటీవాళ్లు మొత్తుకునేది అందుకే. ఇంటిపెద్దలు ఒకరు వెంట ఉండాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి, మురిక్కాలువ జోలికి వెళ్లకూడదు.

ఆ పక్కదుకాణం సేఠ్‌తో మాట్లాడటం మాత్రం నీ పనే. "అంకుల్, మీ టబ్‌లో పురుగులున్నాయి, పారబోయనా?" అని అడగాలి. పొమ్మంటే మర్నాడు నీ నోట్‌బుక్ చూపించి మళ్లీ అడగాలి. కమ్యూనికేషన్ స్కిల్స్ కోర్సులో చెప్పేదానికన్నా ఇక్కడ ఎక్కువ నేర్చుకుంటావు. అదే సీజన్‌లో బ్రెజిల్‌లోనో థాయ్‌లాండ్‌లోనో ఉన్న పిల్లలు ఏ పాత్రల్లో ఏ పురుగు చూశారో నీ పట్టికతో పోల్చుకుంటే, వాళ్లకు పూలకుండీ కింద దొరికింది నీకు ఇత్తడి బిందెలో ఎందుకు దొరికిందో ఆలోచిస్తావు. ప్రాజెక్టు వర్క్ అంటే ఇది. ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కుల కోసం ఇంటర్నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయించి రంగు కాగితం అట్ట వేసేదాన్ని ఆ పేరుతో పిలవడం నాకు బాధగా ఉంటుంది.

కొన్ని పనులైతే అవతలి స్కూల్ లేకుండా జరగనే జరగవు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఎరటోస్తనీస్ రెండు ఊళ్ల నీడలు చూసి భూమి చుట్టుకొలత కట్టాడు. ఒక్క ఊరి నీడతో అది తేలదు. మార్చి 20, 21 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజున బేగంబజార్ డాబా మీద మీటరు పొడవు కర్ర నిలబెట్టు. నిలువు సరిగ్గా ఉందో లేదో దారానికి రాయి కట్టి చూసుకో. నడిమధ్యాహ్నం, అంటే మన గడియారంలో 12 గంటల 23 నిమిషాల ప్రాంతంలో, నీడ 31 సెంటీమీటర్లు వస్తుంది. అదే రోజు శ్రీలంకలోని కొలంబోలో ఒక స్కూల్ పిల్లలు అదే పొడవు కర్ర పెడితే, వాళ్ల నీడ 12 సెంటీమీటర్లే. నీడ నుంచి కోణం తియ్యడం పదో తరగతి లెక్క. మనకు 17.4 డిగ్రీలు, వాళ్లకు 6.9. తేడా 10.5. ఉత్తర దక్షిణాలుగా రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 1,160 కిలోమీటర్లు. 360ని 10.5తో భాగించి ఆ దూరంతో గుణిస్తే 40 వేల కిలోమీటర్ల దగ్గరకు వస్తావు. అసలు కొలతా అంతే. వాళ్ల అంకె లేకపోతే నీ 31 సెంటీమీటర్లు ఉత్త నీడ. నీ అంకె లేకపోతే వాళ్ల 12 కూడా అంతే. "మేం మీకు సాయం చేస్తాం" అనే పెద్దరికం, "మేం వెనకబడ్డవాళ్లం" అనే చిన్నతనం రెండూ ఈ లెక్కలో నిలవవు.

కర్ర వంకరగా నిలబెట్టి తప్పు అంకె పంపితే ఏమవుతుంది? భూమి కుచించుకుపోతుంది. అవతలివాళ్లు మర్యాదగా "మీ కర్ర నిలువుగా ఉందా?" అని అడుగుతారు. అప్పుడు ముఖం మాడ్చుకోకుండా మళ్లీ కొలిచేవాడు పైకొస్తాడు.

ఓపిక లేనివాళ్లకు నిజామియా అబ్జర్వేటరీ కథ చెప్పాలి. నవాబ్ జఫర్ జంగ్ 1901లో పాతబస్తీ ఫిసల్‌బండలో పెట్టిన ఆ వేధశాల తర్వాత ప్రభుత్వం చేతికి వచ్చి బేగంపేటకు మారింది. అప్పటికే 1887 నుంచి పారిస్ కేంద్రంగా ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చేస్తున్నాయి. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ మొదట చిలీలోని శాంటియాగోకు వెళ్లింది. అక్కడ పని సాగలేదు, ఆ భాగాన్ని హైదరాబాద్ అందుకుంది. చాట్‌వుడ్, పోకాక్, ఆ తర్వాత టి.పి. భాస్కరన్ ఆధ్వర్యంలో ఏళ్ల తరబడి ఫొటో పలకల మీద ఒక్కో నక్షత్రం స్థానం కొలిచారు. చివరికి ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల లెక్క ఇక్కడి నుంచి వెళ్లింది. ఆ పట్టీ మనవాళ్లు చెయ్యకపోతే ప్రపంచ పటంలో అంతమేర ఖాళీ. ఇంత పెద్ద పని చేసిన ఊళ్లో చదువుకునే పిల్లలకు అంతర్జాతీయ సైన్స్ మన స్థాయికి ఎక్కువ అని చెప్పడం అన్యాయం.

టీచర్లూ, మీతో ఒక మాట. సిలబస్ ఒత్తిడి నాకు తెలుసు. స్కూలు మొత్తాన్ని కదిలించాలని చూడకండి. నలుగురైదుగురు పిల్లలతో, ఒకే ఒక్క కొలతతో మొదలుపెట్టండి. వంతులు వెయ్యండి, ఒకరు రానిరోజు ఇంకొకరు చూడాలి. సెలవుల్లో ఎవరు చూస్తారన్నది సెలవులు రాకముందే తేల్చండి. చాలా భాగస్వామ్యాలు ఎండాకాలం సెలవుల్లోనే ఆగిపోతాయి. ప్రిన్సిపాల్‌కు ఫొటోలు కావాలంటే తీసి ఇవ్వండి, కానీ పట్టిక నిండాక.

అమ్మానాన్నలూ, మీరు ఖర్చు పెట్టాల్సింది దాదాపు ఏమీ లేదు. డాబా తాళంచెవి ఆడపిల్ల చేతికి కూడా ఇవ్వండి. సాయంత్రం దుకాణంలో గల్లా దగ్గర కూర్చోబెట్టే పిల్లాణ్ని మధ్యాహ్నం అయిదు నిమిషాలు వదలండి.

భాష గురించి భయం వద్దు. బేగంబజార్ పిల్లలు ఇంట్లో ఒక భాష, బజార్లో రెండు, బడిలో ఇంకొకటి మాట్లాడుతూ పెరుగుతారు. ఇంకో భాషలో నాలుగు వాక్యాలు రాయడం వీళ్లకు కొత్త విద్య కాదు. మొదటి ఉత్తరంలో చార్మినార్ చరిత్ర, బిర్యానీ గొప్పలు రాయొద్దు. మూడు సంగతులుంటే చాలు: నీ లెక్క, అది ఎలా తీశావో, నీకు నిజంగా తెలుసుకోవాలని ఉన్న ఒక ప్రశ్న. ఇలా రాయొచ్చు:

"మాది హైదరాబాద్‌లో బేగంబజార్. ఇళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి మా వాన గేజ్ మూడో అంతస్తు డాబా మీద పెట్టాం. పడమర వైపు నీళ్ల ట్యాంకు అడ్డం ఉంది, ఫొటో జతచేశాం. ఆది, సోమవారాలు డాబాకు తాళం ఉండడంతో చూడలేదు. మంగళవారం గేజ్‌లో ఉన్న 14 మిల్లీమీటర్లు మూడు రోజుల మొత్తం. మీ దగ్గర మంచు పడినరోజు దాన్ని మిల్లీమీటర్లలోకి ఎలా మారుస్తారు?"

జవాబు వెంటనే రాకపోవచ్చు. అవతల కూడా పరీక్షలుంటాయి, టీచర్లు మారతారు. రెండు వారాలు చూసి, ఈలోపు పోగైన కొత్త అంకెలు కలిపి మళ్లీ రాయి. అయినా రాకపోతే ఇంకో స్కూల్‌కు రాయి. గేజ్ చూడటం మాత్రం ఆపొద్దు.